వాల్వు వెలిగించే ముందు

పొందూరు నూలు సన్నదనం పత్తి దువ్వే వాలుగ చేప దవడలోనూ ఒంటి కదురు రాట్నంలోనూ ఎంత ఉందో, వాటిని ఎరిగిన చేతిలోనూ అంతే ఉంది. హామ్ రేడియో (ఔత్సాహికుల రేడియో) పాత సెట్ల సంగతీ అంతే. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అమ్మకానికొచ్చిన సైనిక రిసీవర్లు, 807 వాల్వుతో ఇంట్లోనే కట్టుకున్న ట్రాన్స్‌మిటర్లు మన దేశంలో ఒక తరం హామ్‌లకు బడి. వాటిని మళ్లీ పలికించాలంటే ముందు ఓపిక కావాలి.

అటక మీంచి దించిన సెట్టును నేరుగా ప్లగ్గులో పెట్టకూడదు. ఏళ్ల తరబడి కరెంటు ఎరగని ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్లు షార్టయితే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. అందుకే మెకానిక్కులు సిరీస్ బల్బు వాడతారు. సెట్టుకు వెళ్లే కరెంటు దారిలో పాత ఫిలమెంటు బల్బు ఒకటి పెడతారు. స్విచ్ వేయగానే అది ఒక్కసారి వెలిగి మందగిస్తే ఫర్వాలేదు. నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్టు ఉన్నట్టే, వెంటనే ఆపాలి.

తర్వాత పేపర్ కండెన్సర్ల వంతు. అవుట్‌పుట్ వాల్వు గ్రిడ్‌కు ముందుండేది మరీ ముఖ్యం. అది లీకైతే గ్రిడ్‌కు పాజిటివ్ వోల్టేజి చేరి, వాల్వు మితిమీరి కరెంటు లాగుతుంది. పైకి బాగానే కనిపించినా మార్చేయాల్సిందే. ఉప్పుగాలి తగిలే మన జిల్లాల్లో వాల్వు బేసులకూ స్విచ్‌లకూ చిలుము పడుతుంది. వాటిని శుభ్రం చేస్తే గరగర చాలావరకు తగ్గుతుంది. ఇంకో జాగ్రత్త: స్విచ్ ఆపినా కండెన్సర్లలో వందల వోల్టులు నిలిచి ఉంటాయి. రెసిస్టర్‌తో డిశ్చార్జి చేశాకే లోపల చెయ్యి పెట్టాలి.

ట్రాన్స్‌మిటర్‌ను ట్యూన్ చేయడం మరో విద్య. ప్లేటు కండెన్సర్ తిప్పుతుంటే మీటరు ముల్లు ఒకచోట గభాలున కిందికి పడుతుంది. అదే డిప్. లోడింగ్ కాస్త పెంచి మళ్లీ డిప్ వెతకాలి. కొత్త సెట్లు చాలావరకు ఈ పని అడగవు. పాతదైతే యాంటెనా తేడా చేసిందన్న సంగతి ముల్లు కదలికలోనే తెలిసిపోతుంది.

ఈ చేతిపని వాల్వులతోనే ఆగిపోలేదు. హైదరాబాద్‌కు చెందిన అష్హర్ ఫర్హాన్ 2000ల తొలి ఏళ్లలో రూపొందించిన బిట్‌ఎక్స్ ట్రాన్సీవర్‌లో, తీగ చుట్టే దిగుమతి ఉంగరాలకు (టొరాయిడ్లకు) బదులు కుళాయి వాషర్ల మీద తీగ చుట్టుకోవచ్చు. ప్రపంచమంతా హామ్‌లు దాన్ని సొంతంగా కట్టుకున్నారు.

2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుపాన్లు వచ్చినప్పుడు ఉత్తరాంధ్రలో కరెంటూ ఫోన్లూ పోతే ఏమవుతుందో చూశాం. బరువైన, కరెంటు ఎక్కువ తాగే వాల్వు సెట్టును అలాంటి వేళ మోసుకెళ్లలేం. కానీ దాన్ని విప్పి నేర్చుకున్న మనిషి తెగిన యాంటెనాను అతికించగలడు, చిన్న సెట్టును కారు బ్యాటరీ మీద నడపగలడు. ఆసక్తి ఉన్నవాళ్లు 7 మెగాహెర్ట్జ్ బ్యాండు వినడంతో మొదలుపెట్టవచ్చు. కేంద్ర టెలికం శాఖ పరీక్ష గట్టెక్కి, లైసెన్సూ కాల్‌సైనూ చేతికొచ్చాకే మైకు పట్టాలి.