ఓడ జాబితాలో వైజాగపటం

నాటల్ ఓడ జాబితాల్ని నేను నవల చదివినట్టే చదువుతాను: చెప్పిందెవరు, రాసిందెవరు? మద్రాసు నుంచి ‘ట్రూరో’ 1860 నవంబర్ 16న డర్బన్ చేరింది. ఆ తేదీని నమ్ముతాను. కూలీ నంబర్నీ నమ్ముతాను, తర్వాతి కాగితాల్లోనూ మనిషి వెంట అదే నడిచింది కాబట్టి. వయసు మాత్రం అంచనా. పుట్టినరోజు కాగితం ఎవరి దగ్గరుంది గనక! తండ్రి పేరే చాలామంది వారసులకి ఇంటిపేరైంది.

అసలు చిక్కు ‘వైజాగపటం’తో. డర్బన్ నుంచి ఆ కాగితం పట్టుకొచ్చి మన బీచ్ రోడ్డులో తాతల ఇల్లు వెతికితే దొరకదు. అది ఊరు కాదు, జిల్లా. విజయనగరం, పార్వతీపురం కూడా అందులోవే. ఊరి పేరుందా, అది ఎవరికో వినబడినట్టు రాసుకున్న ఇంగ్లీషు స్పెల్లింగు. కళ్లతో చదివి వదిలేయకండి. ఉత్తరాంధ్ర యాసలో ఒకటికి నాలుగుసార్లు పైకి అనండి.