గజ్జెల చప్పుడు కట్టిన మేస్త్రీలు

గోల్కొండ కోటలో పొద్దుగూకాక తారామతి ఆడుతుందని చెప్పుకుంటారు. ఆమెను చూశామనేవాళ్ళు తక్కువ, విన్నామనేవాళ్ళే ఎక్కువ. ఖాళీ గదిలో గజ్జెల మోత, మనిషి లేని మెట్ల మీద అడుగుల అలికిడి, ఎటునుంచో ఒక కూనిరాగం. హైదరాబాదులో తరతరాలుగా తిరుగుతున్న ఈ కథల్లో నేను విన్నవన్నీ దాదాపు చెవికి సంబంధించినవే. అందుకు కారణం ఆ గోడల్లోనే ఉందని నా నమ్మకం. చప్పుడును మోసుకెళ్ళి దూరాన దింపడం తెలిసిన మేస్త్రీలు కట్టిన కోట అది. వాళ్ళ పనితనాన్ని జనం గుర్తుపెట్టుకున్న తీరే తారామతి కథ.

మన పల్లెల దెయ్యాలు వేరు. అవి కంటికి కనిపిస్తాయి. చింతచెట్టు కింద జుట్టు విరబోసుకుని నిలబడతాయి, పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయి, గజ్జెలు ఘల్లుమంటాయి, కొరివి పట్టుకుని పొలం గట్ల మీద నడుస్తాయి, మనుషులను పడతాయి. గోల్కొండ కథ వాటిలోంచి గజ్జెల మోతను మాత్రమే తీసుకుని మిగతాదంతా వదిలేసింది. తారామతికి ముఖం లేదు, పగ లేదు, ఎవరినీ పట్టదు. 1687లో ఔరంగజేబు సేన 8 నెలలు ముట్టడి వేసి, లోపలివాడొకడు తలుపు తీస్తే కోట చొరబడింది. ఆ యుద్ధంలో పోయినవాళ్ళ సంగతి చరిత్ర పుస్తకాల్లో ఉంది. అయినా ఈ కోటలో రాత్రిపూట తిరగడానికి కథ సైనికుణ్ణి ఎంచుకోలేదు, పాడి ఆడే మనిషిని ఎంచుకుంది. ఎవరు మొదట చెప్పారో గాని, ఈ ఎంపికలో గొప్ప నేర్పు ఉంది. ఈ రాళ్ళకు ఏ దెయ్యం నప్పుతుందో వాళ్ళకు తెలుసు.

తారామతి, ప్రేమామతి అబ్దుల్లా కుతుబ్ షా (1626–1672) కాలపు కళావంతులని ప్రతీతి. ఇబ్రహీంబాగ్‌లో గుట్ట మీద పన్నెండు ద్వారాల తారామతి బారాదరి నేటికీ ఉంది. ఆమె అక్కడ పాడితే గాలివాటున పాట కోటలో సుల్తానుకు వినిపించేదని ఒక గాథ. కట్టిన తాళ్ళ మీద అక్కచెల్లెళ్ళిద్దరూ నర్తించేవారని మరొకటి. గాథల్లో నిజమెంతైనా, ఆ ఇద్దరి పేర్లతో సమాధులు మాత్రం కుతుబ్ షాహీ సమాధుల ప్రాంగణంలోనే, రాజుల మధ్యే ఉన్నాయి.

ఇక కోట దగ్గరికి వద్దాం. బాలా హిస్సార్ ద్వారం దాటగానే గుమ్మటం కప్పు ఉన్న మంటపం వస్తుంది. దాని కింద ఒకచోట నిలబడి చప్పట్లు కొడితే కొండ కొసన ఉన్న బారాదరిలో వినిపిస్తుంది. నాలుగడుగులు పక్కకు జరిగి కొడితే ఆ తేడా చెవికే తెలుస్తుంది. కొండ ఎత్తు సుమారు 120 మీటర్లు, పైకి మెట్లు 360కి పైనే. గైడు కొట్టే చప్పట్లకు పిల్లలు కేరింతలు కొడతారు, పెద్దలు ఫోన్లు తీస్తారు. కాని ఇది వినోదానికి కట్టింది కాదు. కింద ద్వారం దగ్గర వచ్చింది మిత్రుడో శత్రువో పైన ఉన్న కాపలాకు క్షణంలో తెలియాలి. గుర్రం, మనిషి, జెండా ఏదీ అంత వేగంగా ఎక్కలేదు.

ఇందులోని పని మూడు పొరల్లో ఉంది. మొదటిది వంపు. గుమ్మటం లోపలి వంపు, కింద పుట్టిన చప్పుడును చెదరనివ్వకుండా పోగుచేసి తిప్పి పంపుతుంది. రెండోది చూపు. మంటపానికీ పైన బారాదరికీ మధ్య దారి తెరిచి ఉంచారు. కొండవాలు మీద ఇన్ని గోడలు, మెట్లు, గదులు కిక్కిరిసి కట్టి కూడా ఆ దారిని కాపాడటం ముందుచూపున్న మనిషి చేసే పని. మూడోది నాకు అన్నింటికన్నా ఇష్టమైనది, గచ్చు. కాల్చిన సున్నపురాయిని నీళ్ళలో విరిపించి, ఇసుకతో కలిపి, ఎద్దులు తిప్పే గానుగలో రోజుల తరబడి నూరేవారు. బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు, గుడ్డు సొన కలిపేవారని ఈ ప్రాంతపు మేస్త్రీలు ఇప్పటికీ చెబుతారు. గోడకు ఎక్కించాక పూత పూత నునుపుగా రుద్దేవారు. అలా రుద్దిన గచ్చు గట్టిపడితే చప్పుడును పీల్చుకోదు, వచ్చినదాన్ని వచ్చినట్టే వెనక్కి ఇస్తుంది. కింద నల్లరాయి, పైన గచ్చు: రెండూ మెత్తదనం లేనివే.

గజ్జెల సంగతి ఇక్కడే తేలుతుంది. వరసగా కమానులున్న వసారాలోనో, మెట్ల వరస ముందో ఒక్క చప్పుడు చేస్తే అది ఒక్కసారిగా తిరిగి రాదు. దగ్గరి రాయి నుంచి ముందు, దూరపు రాయి నుంచి తర్వాత, వెంటవెంటనే వస్తుంది. ఒక గులకరాయి దొర్లితే గలగలమని గుత్తిగా వినిపించడానికి ఇంతే చాలు. పగలు జనం రొదలో అది తెలియదు. పొద్దు వాలాక నేల ముందు చల్లబడుతుంది, పైగాలి వెచ్చగా ఉంటుంది. అప్పుడు పైకి పోవాల్సిన శబ్దం కిందికి వంగి, పగటికన్నా దూరం ప్రయాణిస్తుంది. పాడుబడ్డ గదుల్లో గబ్బిలాలు రెక్కలాడించేది కూడా ఆ వేళకే. చీకట్లో విన్నామన్నవాళ్ళను నేను అనుమానించను. వాళ్ళు నిజంగానే విన్నారు. కట్టినవాళ్ళు అంత బాగా కట్టారు.

ఈ కోటలోనే మరో గది ఉంది, కంచర్ల గోపన్న బందీగా గడిపిందని చెప్పేది. పన్నుగా కట్టాల్సిన సొమ్ముతో భద్రాచలం గుడి కట్టించాడని తానీషా కాలంలో చెరలో వేశారు. గోడ మీద రామలక్ష్మణులు, హనుమంతుడు చెక్కి ఉన్నారు. అంత బాధ పడ్డ చోట దెయ్యం కథ పుట్టలేదు, కీర్తనలు పుట్టాయి. చీకటి గదే, రాళ్ళ గోడలే, అయినా జనం అక్కడ దండం పెట్టి వస్తారు. ఒకే కొండ మీద ఒక గొంతును భక్తిగా, ఇంకో గొంతును భయంగా దాచుకోవడంలో నాకు కొంత అన్యాయం కనిపిస్తుంది. తారామతిదీ పాటే కదా.

2013 నుంచి కుతుబ్ షాహీ సమాధుల దగ్గర ఆగాఖాన్ సంస్కృతి ట్రస్టు, రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి మరమ్మతులు చేసింది. ఇరవయ్యో శతాబ్దంలో పూసిన సిమెంటును ఒలిచేసి మళ్ళీ సున్నపు గచ్చు పెట్టారు. సిమెంటు తేమను లోపలే బంధించి రాయినీ పాత గచ్చునూ తినేస్తుంది, సున్నం తేమను బయటికి వదులుతుంది. దానికోసం ఈ కాలపు మేస్త్రీలు పాత పద్ధతిలో సున్నం నూరి, పూలూ లతలూ చేత్తో చెక్కడం సాధన చేయాల్సి వచ్చింది. గోల్కొండలో చెవి ఒగ్గి వినాలనుకునేవాళ్ళు ముందు అక్కడికి వెళ్ళి, ఆ గచ్చు మీద ఒకసారి అరచెయ్యి ఆనించి చూడాలి. తర్వాత కోటకు వెళ్ళినప్పుడు చప్పట్లు కొట్టే చోట ఆగిపోకుండా కొండెక్కి, బారాదరిలో నిలబడి, కింద ఎవరో కొట్టే చప్పట్ల కోసం ఎదురుచూడాలి. ఆ మేస్త్రీలు కట్టింది అక్కడ నిలబడే మనిషి కోసమే.