ఆ పీక్ ఎవరిది?

మాకు న్యూట్రాన్ పుంజం దొరికేది ఏడాదిలో నాలుగైదు రోజులు. దానికోసం నెలలపాటు బియ్యపు గింజంత స్ఫటికాలను అల్యూమినియం పలకల మీద అతికిస్తాం. ఎక్స్-రేలో చూసుకుంటూ అన్నిటినీ ఒకే దిక్కుకు తిప్పాలి. జిగురులో హైడ్రోజన్ ఉండకూడదు. ఉంటే న్యూట్రాన్లను అన్ని వైపులా చెదరగొట్టి, అసలు సంకేతాన్ని కప్పేస్తుంది.

ఇంత శ్రమా ఒక అల కోసం. వరిచేను మీద గాలి వీచినప్పుడు ఏ మొక్కా చోటు వదలదు. ఒకటి ఊగిన మరుక్షణం పక్కది ఊగుతుంది, అల మాత్రం చేనంతా పరుగెడుతుంది. అయస్కాంతంలో స్పిన్‌లూ, అంటే ఒక్కో పరమాణువు మోసే బుల్లి అయస్కాంతాలూ అంతే. 1930లో ఫెలిక్స్ బ్లాఖ్ ఈ అలలను ఊహించి, వేడెక్కేకొద్దీ అయస్కాంతం ఎందుకు బలం కోల్పోతుందో చెప్పారు.

న్యూట్రాన్‌కు విద్యుదావేశం లేదు, కానీ అదే ఒక బుల్లి అయస్కాంతం. స్ఫటికంలోకి దూరి, అలకు కొంత శక్తినిచ్చి బయటికొస్తుంది. ఎంత శక్తి పోయింది, ఎటు మళ్లింది అన్నవి కొలిస్తే అల ఆనవాలు గ్రాఫ్‌లో ఒక శిఖరంలా, పీక్‌గా దొరుకుతుంది.

పరిశోధన మొదలుపెట్టిన కొత్తలో ఒక రాత్రి మూడింటికి తెర మీద పీక్ లేచింది. సంతోషం పట్టలేక మా గురువుగారికి ఫోన్ చేశాను. "వేడి చేసి చూశావా?" అన్నారాయన. చూడలేదు. అయస్కాంత క్రమం చెదిరిపోయే ఉష్ణోగ్రత దాటించాను. స్పిన్ అలైతే కరిగిపోవాలి. పీక్ తగ్గకపోగా ఇంకాస్త పెరిగింది. అది పరమాణువుల కంపనం, ఫోనాన్. తెల్లవారేదాకా ఆ తెర ముందే కూర్చున్నాను.

కెనడాలోని చాక్ రివర్‌లో బెర్ట్రమ్ బ్రాక్‌హౌస్ 1957లో మాగ్నటైట్‌లోని స్పిన్ అలలను న్యూట్రాన్లతో పట్టుకున్నారు. అంతటితో సరిపెట్టుకోలేదు. అయస్కాంత క్షేత్రం పెట్టి, సంకేతం అందుకు తగ్గట్టు మారుతోందో లేదో చూశారు. 1994లో నోబెల్ అందుకున్న ఆయన పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఆ రెండో పరీక్షే. ఆయన దగ్గర పనిచేసి వచ్చిన పి.కె. అయ్యంగార్ ట్రాంబేలో మన దేశపు న్యూట్రాన్ పరిశోధనకు పునాది వేశారు.

ఇప్పుడు మేం వెతుకుతున్నవి క్వాంటమ్ స్పిన్ ద్రవాలు, అంటే ఎంత చల్లబరిచినా స్పిన్‌లు ఒక క్రమంలో కుదురుకోని పదార్థాలు. వాటిలో పదునైన పీక్ ఉండదు, సంకేతం మంచులా పరుచుకుంటుంది. స్ఫటికంలో లోపాలున్నా అలాంటి మంచే కనిపించవచ్చు. అందుకే, ఇంకాస్త డేటా తీసుకుందామని విద్యార్థులు ఎంత బతిమాలినా, దొరికిన రోజుల్లో ఒకటి వేడి చేసి చూడడానికే దాచుకుంటాను.