కొండకి వాన అడ్డమా?

పశ్చిమ నార్వే చూసొచ్చినవాళ్ళని అడిగితే రెండే జవాబులు వస్తాయి. "అదృష్టం, ఎండ కాసింది" అని. లేదా "నాలుగు రోజులూ ఒకటే వాన, ఏమీ కనబడలేదు" అని. ఈ రెండో మాటతో నాకు పేచీ ఉంది. నేను చూసిందీ వానలోనే. చలికి వేళ్ళు కొంకర్లు పోతుంటే, మబ్బు కొండల నడుందాకా దిగిపోయి ఉంటే చూశాను. ఏమీ కనబడలేదని మాత్రం అనలేను. అసలు వానలో ఫియోర్డ్‌ని "కనబడకపోవడం"గా లెక్కగట్టడం మన కళ్ళకి ఎవరు నేర్పారు?

కొంత బాధ్యత చిత్రకారులది. 1848లో అడాల్ఫ్ టిడెమాన్, హాన్స్ గూడె కలిసి హార్డాంగర్ ఫియోర్డ్ మీద పెళ్ళి పడవల బొమ్మ వేశారు. మనుషులు టిడెమాన్ కుంచెవి, కొండలూ నీళ్ళూ గూడెవి. అద్దంలాంటి నీళ్ళు, వెలుతురు పడ్డ కొండలు, పడవలో కిరీటం పెట్టుకున్న పెళ్ళికూతురు, వెనకాల చెక్క చర్చి. నార్వే తన గురించి తాను ఊహించుకున్న బొమ్మల్లో ఇంతగా అందరికీ తెలిసింది మరొకటి ఉండదేమో. అందులో అందమంతా దూరంలో ఉంది. చూసేవాడు తడవని చోట నిలబడి ఉన్నాడు. ఇప్పటి క్యాలెండర్లూ, ఇన్‌స్టాగ్రామ్ రీల్సూ నిలబడేది కూడా అక్కడే.

ఆ చూపుకి కట్టిన కట్టడం స్టెగాస్టైన్ వ్యూపాయింట్. ఔర్‌లాండ్ ఫియోర్డ్‌కి 650 మీటర్ల ఎత్తున, కొండ అంచు నుంచి 30 మీటర్లు గాల్లోకి చొచ్చుకొచ్చే చెక్క వంతెన. చివర్లో కిందికి ఒంగిపోతుంది, అడ్డంగా ఉండేది గాజుపలక ఒక్కటే. డిజైన్‌గా చాలా బావుంటుంది. మబ్బు కమ్మినప్పుడు మాత్రం దానికి చెయ్యడానికి పనేమీ ఉండదు. గాజుకి అవతల తెలుపు, ఇవతల మన ఉక్రోషం. దూరం తప్ప మరేదీ చూపించలేని చోటు అది.

కానీ ఈ కొండల్నించి వానని విడదీసి చూడలేం. అట్లాంటిక్ మీంచి వచ్చే తడిగాలి వీటికి కొట్టుకుని పైకి లేస్తుంది, చల్లబడుతుంది, కురుస్తుంది. బెర్గెన్‌లో ఏడాదికి 2,000 మిల్లీమీటర్లకి పైన వాన పడటానికి కారణం ఇదే. ఫియోర్డ్‌లని తవ్వినవీ ఇలా కురిసి గడ్డకట్టిన మంచు నదులే. కొండ కోసం వచ్చి వానని తిట్టుకోవడమంటే, వంట కోసం వచ్చి పొయ్యిని తిట్టుకున్నట్టే.

ఈ సంగతి ఎరిగిన చిత్రకారుడు నికోలాయ్ ఆస్‌ట్రుప్ (1880–1928). క్రిస్టియానియాలోనూ పారిస్‌లోనూ చదువుకుని, చిన్నప్పుడు పెరిగిన యోల్‌స్టర్‌కే తిరిగొచ్చాడు. అక్కడ ఉన్నది ఫియోర్డ్ కాదు, సరస్సు. కొండలూ వానా మాత్రం అవే. సరస్సు ఒడ్డున నిట్టనిలువు వాలులో మెట్లు మెట్లుగా నేల చదును చేసుకుని, రూబార్బ్ పండించుకుంటూ, కళ్ళెదుట ఉన్నదే మళ్ళీ మళ్ళీ వేశాడు. అతని 'మార్ష్ మారిగోల్డ్ నైట్' చెక్కముద్రణలో మంచు చారల కొండలు వెనక్కి తప్పుకుంటాయి, చిత్తడి నేలలో పూసిన పసుపు పూలు ముందుకొస్తాయి. ఆ పూలకి కావలసింది మనం విసుక్కునే తడే. ఇంకో బొమ్మలో కర్రలకి ఎక్కించిన ధాన్యపు కట్టలు గుంపుగా నిలబడ్డ భూతాల్లా ఉంటాయి. అలా ఎక్కించేది ఎందుకంటే, ఆ వానల్లో కోసిన పంట నేలమీద ఆరదు. ఇక్కడ వాతావరణం మనుషుల పనిలో ఒక భాగం.

అచ్చులు తీయడంలోనూ అంతే. ఒకే దిమ్మెల నుంచి తీసిన ప్రతుల్లో రంగులు మార్చేవాడు. ఒకదాని వెలుతురు ఇంకోదానిలో ఉండదు. ఇదిగో అసలైన దృశ్యం అని ఏ ఒక్క ప్రతినీ చూపించలేం. "మంచి వెదర్"లో తీసిన ఒక్క ఫోటోకి ఇంతకన్నా గట్టి జవాబు నాకు తెలీదు.

అలాగని "వానలోనే అసలు అందం" అని మురిసిపోవడం నాకు ఇష్టం లేదు. రెయిన్‌కోటు వేసుకుని, సాయంత్రానికి హీటరున్న గదికి చేరే నాలాంటి వాళ్ళకి ఆ మాట అనడం చాలా తేలిక. ఆస్‌ట్రుప్‌ది చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. పెరిగిన ఇల్లు చెమ్మగా, చల్లగా ఉండేది. 47 ఏళ్ళకే న్యుమోనియాతో పోయాడు. అదే యోల్‌స్టర్‌లో 2019 జులై 30న కురిసిన కుండపోతకి కొండచరియలు విరిగిపడి ఒక మనిషి చనిపోయాడు. వానని ఆడిపోసుకోవడం టూరిస్టు చూపైతే, దానికి హారతి పట్టడం కూడా టూరిస్టు చూపే.

ఆస్‌ట్రుప్ ఈ రెండింటికీ దొరకడు. అతనికి వాన మీద కోపం లేదు, మోజూ లేదు. దానితో కాపురం ఉంది. పెళ్ళి పడవల బొమ్మ ముందు నిలబడితే నాకు అక్కడికి వెళ్ళాలనిపిస్తుంది. ఆస్‌ట్రుప్ బొమ్మ ముందు నిలబడితే అక్కడ పంట ఎలా ఆరుతుందో తెలుసుకోవాలనిపిస్తుంది. ఈ రెండో కోరికకి ఎండ కాయనక్కర్లేదు. మబ్బు దిగి దూరం మూసుకుపోయినప్పుడు కూడా కాళ్ళ దగ్గర తడిసిన గడ్డి ఉంటుంది, ఇంటికప్పు మీద గడ్డి ఉంటుంది, పొద్దున లేని కొత్త జలపాతం ఒకటి బండ మీంచి జారుతూ ఉంటుంది. చూడ్డానికి అవి చాలు.