“దిద్దుబాటు” – నామవిచారము

గురజాడ అప్పారావుగారి “దిద్దుబాటు” కథ 1910వ సంవత్సరమున ఆంధ్రభారతియందు వెలువడినది. భార్య భర్తను దిద్దుటయే యిందలి కథార్థమని విమర్శకులు సాధారణముగఁ జెప్పుదురు. అది యథార్థమే. అయినను నామమును విడఁదీసి చూచినచో మఱియొక విశేషము గోచరించును.

“బాటు” అనునది పడుధాతువువలన నేర్పడిన “పాటు” శబ్దముయొక్క రూపాంతరము. కట్టుబడుటవలనఁ గట్టుబాటు కలిగినట్లే యిదియు. రూఢిచే సవరణ యనియే యర్థమైనను, వ్యుత్పత్తి దిద్దినవారికంటె దిద్దఁబడినవానినే ముందుగ స్ఫురింపఁజేయును.

కథనమును దీనికి సాక్షి. వేశ్యాగానమునకుఁ బోయి రాత్రి తడసి యిల్లు చేరిన గోపాలరావే యాద్యంతము మనయెదుట నుండును. కమలిని మంచముక్రింద దాఁగియుండును. ఆమె లేఖ మాత్రమే మాటలాడును. సేవకుఁడు స్త్రీవిద్యను బరిహసింపఁగా దానిని వేనోళ్లఁ బొగడు నతఁడే, యా విద్యావతి వ్రాఁతచే దోషియని తేలును.

పరులకు సంస్కారము బోధించువాఁడు తాను ముందుగ దిద్దుబాటునకు లోఁబడవలయు ననుటయే యీ కథకు హృదయము. దానిని నామమే చెప్పుచున్నది.