మూడు కాళ్ల మీద మూడు టన్నులు

సూరత్ రింగ్ రోడ్డు బట్టల మార్కెట్లలో పార్శిళ్లు ఇప్పటికీ మనుషుల వీపుల మీదే కదులుతుంటాయి. సచిన్ జీఐడీసీ వైపో, హజీరా వైపో వెళ్తే ఆ మోత ఫోర్క్‌లిఫ్టులది. లింబాయత్‌లో మరమగ్గాలు నమ్ముకున్న మన తెలంగాణ వాళ్లకు ఆ దారులు కొత్తకాదు.

చూడటానికి ఫోర్క్‌లిఫ్టు నాలుగు చక్రాల బండే. నిలబడేది మాత్రం మూడుచోట్ల. గతుకుల్లోనూ చక్రాలన్నీ నేలకు ఆనాలని, వెనక ఇరుసును మధ్యలో ఒక పిన్ను మీద ఊగేలా బిగిస్తారు. ముందు చక్రాలు రెండూ, ఆ పిన్నూ కలిస్తే త్రిభుజం. బండికీ సరుకుకూ కలిపి ఉండే గరిమనాభి ఆ త్రిభుజం దాటిందా, బోల్తాయే. ముందు ఇరుసు త్రాసు ముల్లయితే ఒక తట్టలో సరుకు, రెండో తట్టలో వెనకున్న ఇనుప దిమ్మ.

కాబట్టి బరువొక్కటే లెక్క కాదు. బండి రేకు మీద '3000 కిలోలు, 500 మి.మీ.' అని ఉంటే, సరుకు మధ్యభాగం ఫోర్కుల మొదలు నుంచి అరమీటరులో ఉన్నప్పుడే మూడు టన్నులు. 1200 మి.మీ. ప్యాలెట్‌కు పొడుగునా ఫోర్కులు దూర్చి ఎత్తితే మధ్యభాగం 600కి జరుగుతుంది. మోయగలిగేది ఇంచుమించు 2.7 టన్నులే.

చెయ్యి తిరిగిన డ్రైవరు నూలు కార్టన్లు ఎత్తుతుంటే నిలబడి చూడాలనిపిస్తుంది. ఫోర్కులను మొదలంటా పోనిస్తాడు. సరుకు వెనక్కి ఆనాక జానెడులోపే లేపి, ఫోర్కులు ఎక్కిదిగే మాస్టును తనవైపు వాలుస్తాడు. ర్యాంపు ముందుకు ఎక్కుతాడు, రివర్సులో దిగుతాడు, సరుకెప్పుడూ ఎత్తువైపే. వెనక చక్రాలు తిరిగే బండి కనక మలుపులో తోక బయటికి విసురుతుంది, దానికి ముందే చోటు వదులుతాడు. ర్యాకు ఎదుట నిలిచాకే పైకెత్తుతాడు. నన్నడిగితే పనితనమంతా ఆ ఆగడంలోనే ఉంది.

ఇంతా చేసి, ఖాళీ బండితో జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. సరుకు లేనప్పుడు గరిమనాభి త్రిభుజం ఇరుకైన కొనవైపు, అంటే వెనక్కి, పోతుంది. వేగంగా మలుపు తిప్పితే పక్కకు పడటానికి అప్పుడే అవకాశం ఎక్కువ. దింపేశాం కదా అని ఝామ్మని తోలే కుర్రాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పరు.

సూరత్ గోదాముల్లో బండి తోలే తమ్ముళ్లారా, ఒరుగుతుంటే దూకకండి. దూకినవాళ్లను నలిపేది చాలాసార్లు తలమీది ఇనుప చట్రమే. బెల్టు పెట్టుకోండి. స్టీరింగు గట్టిగా పట్టుకుని, కాళ్లు తన్నిపెట్టి, పడుతున్న వైపుకు వ్యతిరేక దిశలో వాలండి.