కూటశాసనం: లిపి సాక్ష్యం ఎంతవరకు?

వర్తూరు ప్రాంతం ఒకప్పుడు పశ్చిమ గాంగుల ఏలుబడిలోనిది. ఆ వంశపు తామ్రశాసనాల్లో చాలావాటిని జె. ఎఫ్. ఫ్లీట్ కూటశాసనాలన్నారు, బి. ఎల్. రైస్ వాటిని సమర్థించారు. మడికేరి రాగిరేకులే ఉదాహరణ. వాటిలోని సంవత్సరం 388. శకవర్షంగా లెక్కిస్తే క్రీ.శ. 466. అక్షరాలు మాత్రం కొన్ని శతాబ్దాల తర్వాతివి. దొంగ దస్తావేజు పట్టే నిపుణుడు వెతికేదీ ఇదే: ఎంత అనుకరించినా రాసేవాడి చేతి అలవాటు ఎక్కడో బయటపడుతుంది.

ఫ్లీట్ పద్ధతి గట్టిదే. అయితే లిపి తెలిపేది చెక్కిన కాలాన్ని, చెక్కించినవాడి ఉద్దేశాన్ని కాదు. శిథిలమైన మూలానికి తిరగరాసిన ప్రతిలోనూ అక్షరాలు కొత్తవే ఉంటాయి. భూమి హక్కు తేల్చేచోట ఈ తేడా చిన్నది కాదు. కనుక విద్యార్థులు ‘కూటం’ అనేముందు భాషనూ, వంశక్రమాన్నీ, తిథివారాలనూ పరిశీలించాలి. కూటమని తేలినా పారేయనక్కరలేదు. అది పుట్టిన కాలపు భాషకు అదే నిజమైన సాక్ష్యం.